గోడకు వేలాడిన తాళంచెవి

చచ్చిన రొయ్యల వాసన మేడ మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసింది. హేమ ఉప్మా గిన్నె మీద మూత పెట్టేసింది. ఆ పూట ఎవరూ తినలేదు.

కింద, ఆమె మావగారు జీవరత్నం నడిపే ల్యాబ్ గుమ్మంలో కొండలరావు కూర్చుని ఉన్నాడు. తెల్లారేసరికే కోడూరు నుంచి వచ్చాడు. నీలం ప్లాస్టిక్ టబ్బు నిండా చచ్చిన రొయ్యలు తెచ్చి మెట్టు మీద పెట్టి, దాని పక్కన తను కూర్చున్నాడు. అరవలేదు. తిట్టలేదు. బందరులో గొడవ చేసేవాడిని ఎవరైనా సర్దిచెప్పి పంపగలరు. గొడవ చెయ్యకుండా కూర్చున్నవాడిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

"నాన్నా, నువ్వు కిందికి వెళ్ళొద్దు," అన్నాడు క్రాంతి కుమార్.

జీవరత్నం చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు.

"నీకే చెప్తున్నాను. వెంకటరమణ గారు ఫోన్ చేశారు. కొండలరావుతో ఆయనే మాట్లాడతానన్నారు. సీడ్ ఇప్పించింది ఆయనేగా. మనం నోరు మెదపకుండా ఉంటే చాలంట."

"హేచరీ ఏజెంటుకి మన గుమ్మంతో ఏం పని?"

"సాయం చేస్తానంటే అదీ తప్పేనా?"

"అడక్కుండా వచ్చే సాయాన్ని మీ అమ్మ గడప దాటనిచ్చేది కాదు."

"ప్రతిదానికీ అమ్మని తీసుకురాకు."

జీవరత్నం మెట్లు దిగాడు. వెనకాలే హేమ వచ్చింది. ఆమె చంకలో పొడుగాటి అట్ట నోటు పుస్తకం ఉంది.

కొండలరావు లేవలేదు. ఫోన్ తీసి పైకెత్తి చూపించాడు.

"రత్నం గారూ, ఈ కాగితం మీదేనా?"

హేచరీలో పొదిగించిన రొయ్య పిల్లని, అంటే సీడ్‌ని, చెరువులో వదిలే ముందు రైతు దాన్ని పరీక్ష చేయిస్తాడు. రోగం లేకపోతే నెగటివ్. ఫోన్‌లో ఉన్న రిపోర్టు మీద ల్యాబ్ పేరుంది, కింద జీవరత్నం సంతకం అచ్చు ఉంది, మధ్యలో నెగటివ్ అని ఉంది.

"మాదే," అన్నాడు.

"మీ కాగితం చూసే ఆరెకరాల్లో పిల్ల వదిలానండీ. ఇంకో ల్యాబులో చూపించమని మా తమ్ముడన్నాడు. రత్నం గారి కాగితానికి ఇంకో సాక్ష్యం దేనికిరా అన్నాను. నలభై రెండో రోజున చెరువు మీద కాకులు వాలాయి. అవి వాలాక వల వేసి చూడక్కర్లేదు. వేశాను. ఇదుగో."

టబ్బులో రొయ్యల డొప్పల మీద తెల్లమచ్చలు ముగ్గు చల్లినట్టున్నాయి.

హేమ అక్కడే, మెట్టు మీదే పుస్తకం తెరిచింది. ఎన్ని కంప్యూటర్లు వచ్చినా ప్రతి పరీక్షా చేత్తో రాయాలన్నది జీవరత్నం పెట్టిన నియమం. ముప్ఫై ఏళ్ళు మత్స్యశాఖ ల్యాబులో పనిచేసినవాడు. రాయని పరీక్ష చెయ్యని పరీక్షే అనేవాడు. కొడుకు నవ్వేవాడు. కోడలు మాత్రం రాసేది.

ఆమె వేలు ఒక వరస మీద ఆగింది. కొండలరావు, కోడూరు. ఎదురుగా హేమ చేతిరాత. పాజిటివ్. కింద ఎర్ర గీత.

జీవరత్నం పుస్తకం చూశాడు. ఫోన్ చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు.

"నువ్వు కంప్యూటర్లో ఏం కొట్టావమ్మా?"

"ఇదే కొట్టాను మావయ్యా. ఎర్ర గీత పెట్టినవి రెండుసార్లు సరిచూసుకుంటాను. నేను పంపింది ఇది కాదు."

కొండలరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతని ముఖం నల్లబడింది.

"అంటే రోగం ఉందని మీ పుస్తకానికి తెలుసు. నాకే తెలీదు. అంతేనా?"

"కొండలరావు గారూ, నాకూ తెలీదు."

"మరి ఎవరికి తెలుసండీ?"

కొండలరావు టబ్బుని కాలితో ఇంకొంచెం గుమ్మంలోకి జరిపాడు.

"ఎవరికి తెలుసో తెలిసిందాకా ఇది ఇక్కడే ఉంటుంది. నేనూ ఉంటాను."

*

ఫిలిప్ గుడివాడ నుంచి బండి మీద పన్నెండున్నరకి వచ్చాడు. క్రాంతి తల్లి రాజమ్మకి తమ్ముడు, జీవరత్నానికి బావమరిది. గుడివాడలో ఒక కాలేజీ కంప్యూటర్లన్నీ అతనే చూస్తాడు. అక్క పోయాక ఈ గడప తొక్కడం తగ్గించాడు. పిలిస్తే వస్తాడు. పిలిచింది హేమ.

అతను వచ్చేసరికి హేమ రెండు నెలల పుస్తకాన్నీ, వెళ్ళిన రిపోర్టుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. తొమ్మిది మారాయి. తొమ్మిదీ రోగం ఉన్నవే. తొమ్మిదీ లేదని వెళ్ళాయి. తొమ్మిదీ ఒకే హేచరీ పిల్ల, వెంకటరమణ తెచ్చి అమ్మినవి. మిగిలిన రెండు వందల పైచిలుకులో అక్షరం కదల్లేదు.

"ఇది వైరస్సు కాదు," అన్నాడు ఫిలిప్. "వైరస్సుకి హేచరీల పేర్లు తెలీవు. ఎవడో మనిషే లోపలికి వచ్చి, కావలసినవి ఏరుకుని దిద్దాడు."

"తాళాలన్నీ సరిగానే ఉన్నాయే," అన్నాడు జీవరత్నం.

"ఆ తాళం కాదు బావా. మీ రిపోర్టులు ఈ పెట్టెలో లేవు. ఇంటర్నెట్‌లో ఉన్నాయి. హేమ ఇక్కడ కొడితే అక్కడికెళ్ళి, అక్కణ్ణించి రైతు ఫోన్‌కి వెళ్తాయి. పాస్‌వర్డ్ తెలిసినవాడు అమలాపురంలో కూర్చుని కూడా తెరవచ్చు. తెరిచినవాడు మీ పేరుతో, మీ సంతకంతో ఏం కావాలంటే అది పంపచ్చు. ఇంతకీ పాస్‌వర్డ్ ఏంటి?"

పైన ఫ్యాను తిరుగుతూ ఒక్కొక్క చుట్టుకీ టిక్కుమంటోంది. ఏళ్ళ తరబడి అంతే. బాగుచేయించమని రాజమ్మ పోరి పోరి పోయింది. ఆవిడ పోయాక ఎవరైనా దాని జోలికి వెళ్తే జీవరత్నం ఒప్పుకోలేదు.

"హేమా, నీకు తెలుసుగా?"

"తెలుసు. మావయ్య చెప్తారు."

జీవరత్నం తల ఎత్తకుండా గోడ వైపు చెయ్యి చూపించాడు. తన కుర్చీ వెనక, ఫ్రేము కట్టిన చిన్న కార్డు.

డిసెంబరు ముప్ఫై ఒకటి రాత్రి చర్చి ఆరాధనలో పళ్ళెంలోంచి తలా ఒక కార్డు తీసుకుంటారు. ఏ బైబిలు వచనం వస్తే రాబోయే ఏడాదికి అదే వాగ్దానం. నాలుగేళ్ళ కిందట ఈ కార్డులో రాజమ్మకి దీర్ఘాయువు వాగ్దానం వచ్చింది. ఎంత సంతోషపడిందో. తర్వాతి సెప్టెంబరులోనే పోయింది.

"ఆ వచనమే," అన్నాడు జీవరత్నం. "బైబిల్లో ఆ గ్రంథం పేరూ, అంకెలూ."

ఫిలిప్ ఆ కార్డు చదివాడు. తర్వాత జేబులోంచి పర్సు తీశాడు. పర్సులోంచి మడత పడిన అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు. రాజమ్మ జ్ఞాపకార్థ కూడికలో పంచిన కార్డు. ఒక పక్క ఆవిడ ఫొటో. రెండో పక్క అదే వచనం. పేరూ, అంకెలూ.

"ఇవి ఎన్ని వేయించాం బావా?"

"నాలుగు వందలు."

"నాలుగు వందల మందికి తాళంచెవి పంచాం. నేనూ పంచాను. బంతి బంతికీ తిరిగి మరీ ఇచ్చాను."

హేమ గొంతు అప్పుడు పైకి లేచింది. ఆమె గొంతు పెరగడం ఆ ఇంట్లో అరుదు.

"రెండుసార్లు చెప్పాను మార్చమని. మొదటిసారి రెండు రోజులు అన్నం మానేశారు. రెండోసారి నాతో మాటలు మానేశారు. పాస్‌వర్డ్ మార్చడమంటే అత్తయ్యని మర్చిపోవడమా మావయ్యా? ఈమెయిలుకీ అదే, రిపోర్టులకీ అదే, గుమ్మంలో కెమెరాకీ అదే. ప్రేమ ఉంటే ఉండచ్చు. దాన్ని గోడకి తగిలించి, దాని మీదే షాపు నడుపుతారా?"

ప్రేమ కాదు. ఆ సంగతి జీవరత్నం ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం ఒక్కో అంకె వేలితో పొడుస్తూ కొట్టేవాడు. ఇచ్చిన మాట ఇది, చేసిన పని ఇది అని పైవాడికి రోజూ నోటీసు పంపినట్టు. మూడేళ్ళు పంపాడు. పైనుంచి జవాబు రాలేదు. ఆ నోటీసు పక్కనుంచి ఇంకెవడో చదువుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు క్రాంతి. "ఫిలిప్ మావయ్యా, నువ్వు పాస్‌వర్డ్ మార్చు. ఇవాళ్టి నుంచి సరిగ్గా ఉందాం. ఇక్కడితో వదిలేద్దాం."

"ఎక్కడితో?" అంది హేమ.

"ఇక్కడితో."

"తొమ్మిది మంది రైతులండీ."

"ఎనిమిది మంది పిల్లని చెరువులో వదిలేశారు. పోయేది పోయింది, ఇంక చేసేదేం లేదు. ఇప్పుడు మనం ఫోన్ చేసి, మా ల్యాబులో దొంగ పడ్డాడు, మా కాగితాలు నమ్మకండి అని చెప్తే ఏమవుతుంది? సాయంత్రానికి కైకలూరు దాకా పాకుతుంది. రేపు ఒక్క నమూనా సీసా రాదు. నాన్న ముప్ఫై ఏళ్ళ పేరు. నీ రెండేళ్ళ కష్టం. మన పాప నిస్సీ చదువు. అన్నీ ఆ గుమ్మంలో టబ్బులో వేసి కూర్చోవాలి."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే కొండలరావు ఒక్కడే. ఒక్కడిని వెంకటరమణ గారు చూసుకుంటారు."

"మళ్ళీ ఆ పేరేంట్రా నీ నోట్లో?" అన్నాడు జీవరత్నం.

క్రాంతి ముఖం తిప్పుకున్నాడు.

ఫిలిప్ కంప్యూటర్ ముందునుంచి లేవకుండానే అన్నాడు: "ఒరే అబ్బాయ్, దొంగ పడిన ఇల్లు తప్పు కాదు. పడ్డాడని పక్కింటివాడికి చెప్పని ఇల్లు తప్పు. చెప్పాలి. సైబర్ పోలీసులకీ రాసివ్వాలి. మా కాలేజీలో ఒకసారి దాచాం. దాచిన వారానికి వాడే మళ్ళీ వచ్చాడు. నోరు మూసుకునేవాళ్ళ దగ్గరికే వాళ్ళు రెండోసారి వస్తారు."

"నీకేం మావయ్యా, నెల జీతం," అన్నాడు క్రాంతి.

ఫిలిప్ కీబోర్డు వైపు తిరిగాడు. పైన ఫ్యాను టిక్కుమంది.

"తొమ్మిదోవాడెవరు?" అన్నాడు జీవరత్నం.

హేమ పుస్తకం తిప్పింది. "మహేష్ గారు. నాగాయలంక అవతల. మొన్న రిపోర్టు వెళ్ళింది. ఇవాళ సాయంత్రం పిల్ల దిగుతుందన్నారు."

మహేష్ జీవరత్నానికి తెలుసు. చదువుకున్న కుర్రాడు. కిందటి పంట పోయింది. ఇదీ పోతే చెరువులు పూడ్చేసి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటానని భార్య శ్రీలేఖకి మాటిచ్చానని ఈ గదిలోనే నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు జీవరత్నానికి అప్పుడు నచ్చలేదు.

"అతని ఒక్కడితో పోదు మావయ్యా," అంది హేమ. "ఆ కాలవ మీద ఇంకో నలభై చెరువులున్నాయి. ఒకరు వదిలిన నీళ్ళే ఇంకొకరు తోడుకుంటారు."

ఆమె ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు. మూడోసారి మోగనే లేదు.

"మెసేజ్ పెట్టమ్మా," అన్నాడు ఫిలిప్.

"ఇన్నాళ్ళూ మన పేరుతో వెళ్ళినవన్నీ మెసేజ్‌లే. ఇంకొకటి వెళ్తే ఏది నమ్ముతారు? మనిషి వెళ్ళాలి."

జీవరత్నం లేచాడు. పుస్తకం చంకలో పెట్టుకున్నాడు.

"నాన్నా, ఈ ఎండలో అరవై కిలోమీటర్లు..."

"నేను చేసిన తప్పు నడుచుకుంటూ వెళ్ళిందిరా. నేను బండి మీద వెళ్తే తప్పేంటి?"

బయల్దేరే ముందు ఫిలిప్ పని పూర్తి చేశాడు. కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు. ఏ గోడ మీదా లేనివి, ఏ కూడికలోనూ పంచనివి. హేమకీ క్రాంతికీ మాత్రం చూపించాడు. ఇంకో గడియ కూడా పెట్టాడు. ఇకనుంచి పాస్‌వర్డ్ ఒక్కటీ చాలదు. ఎవరు తెరిచినా ఒక ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది, అది కొడితేనే తలుపు తెరుచుకుంటుంది.

"ఎవరి ఫోన్ పెట్టను? బావా, నీదా?"

"నాన్న ఫోన్‌లో చార్జింగ్ ఉంటే కదా," అన్నాడు క్రాంతి. "నాది పెట్టు."

ఫిలిప్ క్రాంతి నంబరు కొట్టాడు. తర్వాత ఇంకో మీట నొక్కాడు.

"లోపలున్న వాళ్ళందరినీ బయటికి నెట్టేశాను, ఈ పెట్టెతో సహా. మళ్ళీ తెరవాలంటే ఆ నాలుగు మాటలూ తెలియాలి, నీ ఫోన్ చేతిలో ఉండాలి. ఎంతటి వాడైనా ఇంక రాలేడు."

గోడకున్న గడియారం రెండుంపావు చూపించింది.

గుమ్మంలో కొండలరావు పక్కకి తప్పుకోలేదు. జీవరత్నం టబ్బు దాటుకుని బయటికి వెళ్ళాడు.

*

ఫిలిప్ బండి వెనక జీవరత్నం పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. చల్లపల్లి సెంటర్లో ఫిలిప్ బండి ఆపి సోడా తాగించాడు.

"అక్క ఉంటే ఏమనేది బావా?"

"ఏమనేది కాదు. ఫ్యాను బాగుచేయించేది."

మోపిదేవి దాటారు. అవనిగడ్డ దాటారు. నాగాయలంక దాటాక తారురోడ్డు అయిపోయి చెరువుల గట్లు మొదలయ్యాయి. ఇటూ అటూ నీళ్ళే. చెరువుల మీద పక్షులు వాలకుండా తాళ్ళు కట్టారు. ఆ తాళ్ళ పైన, దూరంగా, కాకులు తిరుగుతున్నాయి. అవి ఎవరి చెరువు మీదివో జీవరత్నం అడగలేదు.

మహేష్ గట్టు మీద హేచరీ వ్యాను ఆగి ఉంది. పిల్ల సంచులు అప్పటికే చెరువులో తేలుతున్నాయి. గాలి పట్టించి మూతి కట్టిన తెల్ల సంచులు, వందకి పైనే. సంచిలో నీళ్ళూ చెరువు నీళ్ళూ ఒకే వేడికి రావాలి. ఆ తర్వాత మూతి విప్పుతారు. విప్పితే మళ్ళీ ఏరడం ఎవరి తరమూ కాదు.

"మహేష్ గారూ! విప్పొద్దు!"

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డ మహేష్ వెనక్కి తిరిగాడు. జీవరత్నాన్ని చూసి ఆశ్చర్యపోలేదు. అది జీవరత్నానికి మొదటి దెబ్బ.

"వస్తారని చెప్పారండీ," అన్నాడు మహేష్, గట్టెక్కి చేతులు తుడుచుకుంటూ.

"ఎవరు చెప్పారు?"

"కూర్చోండి రత్నం గారూ. ఎండలో వచ్చారు. ఎవరైనా మంచినీళ్ళు తెండయ్యా."

మర్యాదగానే అన్నాడు. ఒంట్లో బాగాలేని పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు అన్నాడు.

జీవరత్నం కూర్చోలేదు. పుస్తకం తెరిచి ముందుకు పెట్టాడు. "మీ రిపోర్టు తప్పు. ఇదుగో మా కోడలు రాసింది. ఈ పిల్లకి తెల్లమచ్చ ఉంది. మా ల్యాబులోకి ఎవడో దూరి రిపోర్టు మార్చాడు. తప్పు నాది. తాళంచెవి గోడకి తగిలించుకుని మూడేళ్ళు కూర్చున్నాను. కోడలు చెప్పినా వినలేదు. మీరు ఈ సంచులు వెనక్కి పంపండి."

బతుకులో అన్ని మాటలు, అంత తప్పు ఒప్పుకుంటూ, ఒక్కసారిగా చెప్పడం అదే మొదలు. రాజమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మహేష్ పుస్తకం వంక చూశాడు, కానీ చదవలేదు. ఫోన్ తీసి ఫిలిప్ చేతికిచ్చాడు.

"మీరైనా చూడండి. మీ ల్యాబు నుంచే వచ్చింది. ఎప్పుడూ రిపోర్టు వచ్చే చోటికే."

ఫిలిప్ చదివాడు. పైకి చదవలేదు.

"చదువు," అన్నాడు జీవరత్నం.

"వద్దు బావా."

"చదవరా."

ఫిలిప్ గొంతు సవరించుకున్నాడు. "మీ రిపోర్టు సరైనదే. అనుమానం లేకుండా సీడ్ వదులుకోండి. మా నాన్నగారికి అమ్మ పోయినప్పటి నుంచి మతి స్థిమితంగా ఉండటం లేదు. ఏవేవో ఊహించుకుని రైతుల దగ్గరికి వెళ్తున్నారు. ఆయన ఫోన్ చేసినా, స్వయంగా వచ్చినా దయచేసి పట్టించుకోవద్దు. జాగ్రత్తగా బస్సెక్కించి పంపగలరు."

కింద ల్యాబ్ పేరు.

వ్యాను డ్రైవరు నవ్వబోయి ఆపుకున్నాడు.

జీవరత్నానికి అమ్మ అన్న మాట దగ్గరే చెవులు ఆగిపోయాయి. మిగతాది తర్వాత ఎక్కింది.

"వాడే," అన్నాడు. "ఆ దొంగే. మన ఇంటి సంగతులన్నీ తెలుసుకుని..."

"బావా."

ఫిలిప్ ఫోన్ మీద వేలు పెట్టి చూపించాడు. మెసేజ్ వచ్చిన టైము. రెండు యాభై.

"మనం రెండుంపావుకి తాళం మార్చాం," అన్నాడు నెమ్మదిగా. "పాతవాళ్ళందరినీ బయటికి నెట్టాను. ఇది కొత్త తాళం తీసి పంపింది. నాలుగు మాటలూ తెలిసి, కోడ్ వచ్చే ఫోన్ చేతిలో ఉండి పంపింది."

అంతకు మించి అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. నాన్న ఫోన్‌లో చార్జింగ్ ఉంటే కదా. నాది పెట్టు.

జీవరత్నం పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు. దాన్ని ఏం చెయ్యాలో అతని చేతులకి తెలియలేదు.

మొదట్నుంచీ వాడేనా? లేక రొయ్యల కంపు ఊరంతా పాకకుండా ఇవాళ ఒక్కరోజు అబద్ధమాడాడా? రెండోదే అయి ఉండాలని తండ్రి మనసు అంది. ముప్ఫై ఏళ్ళు పరీక్షలు చేసిన మనసు మాత్రం ఒప్పుకోలేదు. అనుమానం వచ్చిన నమూనాని మంచిదని రాయడం అతనికి చేతకాదు.

"రత్నం గారూ," అన్నాడు మహేష్. ఇప్పుడు అతని గొంతులో మర్యాద పలచబడింది. "నేను ఎవర్ని నమ్మాలండీ? మీరొకటి అంటారు, మీ ల్యాబు ఒకటి అంటుంది. అవతల సంచుల్లో గాలి అయిపోతోంది. ఇంకో ఇరవై నిమిషాలు చూస్తే పిల్ల అందులోనే చస్తుంది. వదిలితే చెరువు పోతుందని మీరంటున్నారు. వదలకపోతే ఈ పంట ఇప్పుడే పోయినట్టు."

"పుస్తకం చూడండి."

"పుస్తకం రాయడానికి ఎంతసేపండీ? దార్లో కూర్చుని రాయచ్చు."

ఆ మాట అన్నాక అతనే తల దించుకున్నాడు. కానీ వెనక్కి తీసుకోలేదు.

"ఒక పని చేస్తాను. మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను. ల్యాబు ఫోన్‌కి కాదు, అతని సొంత ఫోన్‌కి. గొంతు నాకు తెలుసు. మెసేజ్ అబద్ధం, మా నాన్న చెప్పిందే నిజం అని అతను నోటితో అంటే సంచులు వెనక్కి పంపేస్తాను. లేదంటే విప్పుతాను. మీకు సమ్మతమేనా?"

ఫిలిప్ ఏదో అనబోయాడు. జీవరత్నం చెయ్యి ఎత్తి ఆపాడు.

తిరస్కరిస్తే మతిలేనివాడు. ఒప్పుకుంటే నలభై చెరువుల బతుకు వెళ్ళి ఆ కొడుకు నాలుక మీద కూర్చుంటుంది.

"చెయ్యండి," అన్నాడు.

మహేష్ నంబరు నొక్కాడు. స్పీకరు పెట్టాడు. చెరువులో ఉన్న ఇద్దరు పనివాళ్ళూ ఒక్కో సంచి మూతి దగ్గర చేతులు పెట్టి ఇటే చూస్తున్నారు.

మొదటి మోతకే ఎత్తాడు.

"ఆఁ, చెప్పండి మహేష్ గారూ."

"క్రాంతి గారూ, మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు. నా పక్కనే. వింటున్నారు. మీ నోటితో ఒక్క మాట చెప్పండి. పిల్ల వదలనా, వద్దా?"

అటునుంచి మాట రాలేదు.

టిక్కు. టిక్కు. టిక్కు.

ఆ చప్పుడు జీవరత్నానికి తెలుసు. ఆ ఫ్యాను కింద ఉన్నది ఒకే కుర్చీ. ఆ కుర్చీ వెనక రాజమ్మ కార్డు. కొడుకు తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

దూరంగా, గుమ్మం దగ్గర్నుంచి కాబోలు, హేమ గొంతు వినపడింది. "ఎవరండీ ఫోన్‌లో?"

మహేష్ గడియారం చూసుకున్నాడు. నీళ్ళలో ఒక పనివాడు సంచి మూతికున్న రబ్బరు బ్యాండు వేలితో పట్టుకున్నాడు.

"క్రాంతీ," అన్నాడు జీవరత్నం. చాలా మెల్లగా అన్నాడు.

ఫ్యాను టిక్కుమంటూనే ఉంది.